అరికాలి మీద నల్లమచ్చ



ఏ గురువుగారి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆయన దగ్గర పాఠం విన్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆయన గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. ఒక్క అలవాటు మాత్రం గుర్తుచేస్తాను. చేతి మీద గజ్జి అని వచ్చినా, తలలో చుండ్రు అని వచ్చినా, ఆయన రోగిని చెప్పులు విప్పి బల్ల మీద కాళ్లు చాపమనేవారు. వేళ్ల సందులు, మడమ అంచులు, పాదం వంపు, చివరికి గోళ్లు వరుసగా చూసేవారు. అరికాలు చూడకుండా చీటీ రాసిన విద్యార్థిని వెనక్కి పంపి మళ్లీ చూసి రమ్మనేవారు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ అలవాటు వెనక ఉన్న శాస్త్రం గురించి. చర్మ క్యాన్సర్లలో అతి ప్రమాదకరమైన మెలనోమా మనలాంటి ఛాయ ఉన్నవాళ్లలో తరచుగా పాదంలోనే ఎందుకు కనిపిస్తుంది? చిన్న మచ్చగా ఉన్నప్పుడే దాన్ని పట్టుకునే దారి ఏమిటి? ఆ దారి తెలిసి ఇన్నేళ్లయినా మన రోగులు ఇంకా ఆలస్యంగా ఎందుకు వస్తున్నారు? నా విషయమంతా ఇదే.

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ల నుంచి పుట్టే క్యాన్సర్. ఆస్ట్రేలియాలోనూ అమెరికాలోనూ ఉత్తర ఐరోపాలోనూ తెల్లని చర్మం మీద ఎండ దెబ్బకు వచ్చే జబ్బుగా దీనికి పేరు. మన వైద్య విద్యార్థి పాఠ్యపుస్తకంలో ఎర్రటి వీపు మీది మచ్చల బొమ్మలు చూసి, పరీక్ష రాసి, ఇది మన జబ్బు కాదులే అనుకుని ముందుకు వెళ్లిపోతాడు. అందులో సగం నిజం ఉంది. మన దేశంలో ఏడాదికి లక్ష జనాభాలో ఒక్క కేసు కూడా తేలదు. కానీ ఆ వచ్చిన కొద్దిమందిని మచ్చ ఎక్కడుందని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు అరికాలు, మడమ, బొటనవేలి గోరు.

ఈ రకాన్ని వేరుగా గుర్తించి 1976లో రిచర్డ్ రీడ్ అనే అమెరికన్ పాథాలజిస్టు ఏక్రల్ లెంటిజినస్ మెలనోమా అని పేరు పెట్టారు. జపానులో మెలనోమా రోగుల్లో సుమారు 40 శాతం మందికి అరచేతిలోనో అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. అమెరికా క్యాన్సర్ నమోదుల్లో ఉన్న ఈ రకం కేసులు 1,413 తీసుకుని 2009లో ఒక విశ్లేషణ ప్రచురించారు. నల్లజాతి వారికి వచ్చిన మెలనోమాల్లో 36 శాతం ఈ రకమే. తెల్లవారిలో అది 1 శాతం. అయిదేళ్ల తర్వాత ఈ జబ్బు వల్ల చనిపోకుండా మిగిలినవారు మొత్తం చర్మ మెలనోమాల్లో 91.3 శాతం ఉంటే, పాదానికీ చేతికీ వచ్చినవాటిలో 80.3 శాతమే. ఈ తేడాలో కొంత ఆ క్యాన్సర్ స్వభావం వల్ల వచ్చింది. కొంత మాత్రం ఆలస్యం వల్ల వచ్చింది. స్వభావాన్ని మనం మార్చలేం, ఆలస్యాన్ని మార్చగలం.

ఎండ సంగతి ముందు తేల్చుకుందాం. అరికాలికి ఎండ తగలదు. ఎండకు వచ్చిన మెలనోమా కణాల జన్యువుల్లో అతినీలలోహిత కిరణాలు వదిలిన గుర్తులు వేలకొద్దీ దొరుకుతాయి. 2017లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మెలనోమాల మొత్తం జన్యుపటాలు చదివినప్పుడు పాదాల, చేతుల మెలనోమాల్లో ఆ గుర్తులు చాలా తక్కువగా కనిపించాయి. వాటిలో క్రోమోజోములు ముక్కలై, తారుమారై అతుక్కున్న ఛాయలే ఎక్కువ. మరి కారణమేమిటి? జపానులోని షిన్షు విశ్వవిద్యాలయం వైద్యులు అరికాలి మెలనోమాలు ఏ ఏ చోట్ల వచ్చాయో పాదం పటం మీద గుర్తించి 2016లో ప్రకటించారు. మడమ దగ్గర, వేళ్ల మొదళ్ల దగ్గర, అంటే శరీరం బరువు పడే చోట్ల మచ్చలు గుమిగూడి ఉన్నాయి. నేలకు ఆనని వంపులో తక్కువగా ఉన్నాయి. ఒత్తిడికీ ఈ జబ్బుకూ ఏదో సంబంధం ఉందని అనిపించడానికి ఇది బలమైన ఆధారం. దీన్ని పట్టుకుని చెప్పుల్లేకుండా నడిస్తే క్యాన్సర్ వస్తుందని ఎవరూ ప్రచారం చేయవద్దు. పటంలో ఉన్నవి బూట్లు వేసుకుని తిరిగే జపానీయుల పాదాలు. సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లం కదా, మనకేమీ కాదనే ధీమా మాత్రం ఈ జబ్బు దగ్గర పనికిరాదు.

ఇక ఆలస్యం సంగతి. 1886లో లండన్ వైద్యుడు జోనాథన్ హచిన్సన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశారు. గోరుచుట్టులా కనిపించి, గోరుచుట్టుగానే వైద్యం పొంది, చివరికి ప్రాణం తీసే మెలనోమా గురించి ఆయన అందులో వర్ణించారు. గోటి నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే దాన్ని ఈ రోజుకీ హచిన్సన్ గుర్తు అనే అంటున్నాం. ఈ క్యాన్సర్ ఎప్పుడూ నల్లగానే ఉండదని కూడా ఆయన అప్పుడే హెచ్చరించారు. నూట ముప్పై ఏళ్లు దాటిపోయినా ఆ హెచ్చరిక మన ఓపీల దాకా పూర్తిగా రాలేదు.

రెగె గాయకుడు బాబ్ మార్లే కథ ప్రపంచానికంతటికీ తెలుసు. కుడికాలి బొటనవేలి గోటి కింద ఉన్న దెబ్బను ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. వైద్యులు వేలు తీసేయమన్నారు, ఆయన ఒప్పుకోలేదు. గోరు, దాని కింది కణజాలం తీసి చర్మం అతికించారు. 1981 మే 11న మయామీలో కన్నుమూసేనాటికి ఆయనకు 36 ఏళ్లు. ఆ కథలో నన్ను వెంటాడేది దెబ్బ అనే మాట. కాలికి ఏదో ఒక దెబ్బ తగలని మనిషి ఉండడు కనుక, ఆ వేలి మీద కొత్తగా ఏది కనిపించినా వెనక్కి ఆలోచిస్తే దానికి సరిపోయే దెబ్బ ఒకటి జ్ఞాపకం వచ్చి తీరుతుంది.

మన దగ్గర దెబ్బ స్థానంలో ముల్లు ఉంటుంది. మా ఓపీకి వచ్చే కథలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. చేలో కలుపు తీస్తుంటే తుమ్మముల్లు గుచ్చుకుంది. ముల్లు తీశాం గానీ ముక్క లోపల ఉండిపోయిందేమో, అక్కడ నల్లబడింది. జీడిగింజ కాల్చి అంటించాం. తగ్గలేదు. ఆనికాయ అన్నారు, మందుల షాపులో ప్లాస్టర్ కొని వేశాం, చర్మం ఊడింది గానీ నలుపు పోలేదు. బ్లేడుతో చెక్కించాం. కొన్నాళ్లకు అక్కడ పుండు పడింది, చెప్పుకు రక్తం అంటుతోంది. ఈ పుండుతోనైనా నేరుగా ఆసుపత్రికి వస్తే ఒక రకం. షుగర్ ఉన్నవాళ్లయితే అది షుగర్ పుండు అనుకుని మరికొన్ని నెలలు కట్లు కట్టించుకుంటారు. చివరికి గజ్జలో బిళ్ల కట్టినప్పుడు ఎవరో ఒకరు ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చెప్పేవాళ్ల ఊరు మారుతుంది, ముల్లు మారుతుంది, మిగతాదంతా ఇదే. ఇందులో ఎవరూ దుర్మార్గులు లేరు. ప్రతి మెట్టు దగ్గర మనిషి తనకు తెలిసిన మామూలు కారణాన్నే తీసుకున్నాడు. మామూలు కారణం తొంభై తొమ్మిది సార్లు నిజమవుతుంది కూడా.

కాలిలో పుట్టుమచ్చ ఉంటే దేశాలు తిరిగే యోగం ఉందనే మాట మనలో ఉంది. ఆ మాట వల్ల నష్టమేమీ లేదు. అయితే పుట్టుమచ్చ అన్న పేరు పెట్టేశాక దాన్ని మళ్లీ చూడనవసరం లేదనుకోవడమే ప్రమాదం. యాభై ఏళ్లు దాటాక అరికాలిలో కొత్తగా పుట్టి, నెలల తరబడి పెరుగుతూ పోయే మచ్చను పుట్టుమచ్చ అని వదిలేయకూడదు.

మరి మంచి మచ్చనూ చెడ్డ మచ్చనూ వేరు చేయడమెలా? ఇక్కడే ఈ విషయంలో అత్యంత అందమైన అధ్యాయం ఉంది. కొంచెం నిదానంగా చెబుతాను.

మీ అరికాలినో అరచేతినో వెలుగులో దగ్గరగా చూడండి. నాగలితో దున్నిన చేనులా గట్లు, చాళ్లు వరుసగా కనిపిస్తాయి. వేలిముద్ర వేసినప్పుడు సిరా అంటేది ఈ గట్లకే. చెమట రంధ్రాలు గట్టు నడినెత్తిన ఉంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపించే డెర్మోస్కోపు అనే చేతి పరికరంతో చూస్తే, ఆ రంధ్రాలు దారానికి గుచ్చిన ముత్యాల్లా గట్టు పొడవునా తెల్లటి చుక్కలుగా మెరుస్తాయి. కాబట్టి తెల్లచుక్కల వరుస ఉన్నది గట్టు, అది లేనిది చాలు. ఈ ఒక్క గుర్తు తెలిస్తే మిగతా పాఠం సులువు.

పై గట్టుకూ చాలుకూ తగ్గట్టు చర్మం లోపల కూడా రెండు రకాల మడతలు కిందికి దిగి ఉంటాయి. చాలు కింద దిగే మడత క్రిస్టా లిమిటాన్స్. గట్టు కింద, చెమట గొట్టం లోపలికి వచ్చే చోట దిగే మడత క్రిస్టా ఇంటర్మీడియా. మామూలు పుట్టుమచ్చలో రంగు కణాలు గుంపులుగా చేరేది ఎక్కువగా చాలు కింది మడతలో. అందుకే పైకి సన్నని నల్లగీతలు చాళ్ల వెంట కనిపిస్తాయి. మెలనోమా తొలిదశలో కణాలు గట్టు కింది మడతలో పెరుగుతాయి. అప్పుడు పైకి కనిపించే నలుపు వెడల్పుగా, పట్టీల్లాగా గట్ల మీద పరుచుకుని, తెల్లచుక్కలు ఆ నలుపు మధ్యలో పడతాయి. చాళ్లు మాత్రం తేటగా మిగిలి ఉంటాయి.

ఈ తేడాను ప్రపంచానికి చూపించినవారు షిన్షు విశ్వవిద్యాలయంలోని తోషియాకి సైదా, ఆయన సహచరులు. మాత్సుమోటో నగరంలో 1990ల నుంచి వాళ్లు అరికాలి మచ్చలను పెద్దవిగా చేసి చూస్తూ, తీసిన ముక్కలతో పోల్చుకుంటూ వచ్చారు. 2004లో 712 మచ్చల ఫలితాలు ప్రకటించారు. వాటిలో 103 మెలనోమాలు, 609 మామూలు మచ్చలు. గట్టు మీది నలుపు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే మెలనోమాల్లో 86 శాతం పట్టుబడ్డాయి. మామూలు మచ్చల్లో 99 శాతానికి ఆ గుర్తు లేనే లేదు. వైద్యంలో కేవలం లెన్సుతో చూసే ఒక గుర్తుకు ఇంత నమ్మకమైన ఫలితం అరుదు. మెలనోమా ఇంకా పై పొరలోనే ఉండి, లోపలికి దిగని దశలో కూడా ఈ గుర్తు కనిపించడం దీని అసలు విలువ. ఆ దశలో మామూలు కంటికి అది ఓ గోధుమరంగు మరక మాత్రమే.

చూసేటప్పుడు గట్టేదో చాలేదో తేల్చుకోలేని సందర్భాలు వస్తాయి. మడమ బాగా కాయ కాసినప్పుడు, పగుళ్లు ఉన్నప్పుడు తెల్లచుక్కలు కనిపించవు. దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. మచ్చ మీద సిరా పెన్నుతో రుద్ది, స్పిరిట్ దూదితో తుడిచేయండి. గట్ల మీద సిరా పోతుంది, చాళ్లలో నిలిచిపోతుంది. ఇప్పుడు మళ్లీ లెన్సు పెట్టి చూడండి. సిరా గీత, మచ్చ గీత ఒకదాని మీద ఒకటి పడితే నలుపు చాలులో ఉంది. సిరా గీతల మధ్య నలుపు పడితే అది గట్టు మీద ఉంది. జేబులో పెన్ను ఉన్న ప్రతి వైద్యుడూ చేయగలిగిన పరీక్ష ఇది. మెడికల్ కాలేజీ లేని ఊళ్లో పని చేస్తున్న నా విద్యార్థులకు నేను ముందుగా నేర్పేది ఇదే.

2011లో సైదా, ఆయన సహచరుడు కోగా కలిసి ఈ జ్ఞానాన్ని మూడు అంచెల పద్ధతిగా కుదించారు. గట్టు మీద నలుపు ఉంటే మచ్చ ఎంత చిన్నదైనా ముక్క తీసి పరీక్షించాలి. అది లేక, చాళ్ల వెంట సన్నగీతలో, నిచ్చెన మెట్లలాంటి అడ్డగీతలో, ఏటవాలుగా ఒకే తీరున సాగిన నూలుపోగుల్లాంటి గీతలో ఉంటే రోగిని నిశ్చింతగా ఇంటికి పంపవచ్చు. ఈ రెంటికీ చెందని మచ్చయితే కొలవాలి. 7 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీయాలి. లోపుంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి పిలిచి చూడాలి. 7 మిల్లీమీటర్లంటే ఇంట్లో పిల్లలు రాసుకునే పెన్సిల్ అడ్డుకొలత. పెన్సిల్ వెనక భాగం మచ్చ మీద ఆనిస్తే మచ్చ దాని అంచు దాటి బయటికి కనిపిస్తోందా అన్నది ఎవరైనా చూసుకోవచ్చు.

ఇప్పుడొక ముఖ్యమైన జాగ్రత్త. ఈ పద్ధతి జపానీయుల పాదాల మీద పుట్టింది. మన చర్మం వాళ్ల చర్మం కన్నా ముదురు. నల్లని ఛాయ ఉన్నవాళ్లకు అరికాళ్లలో చెదురుమదురుగా, అంచులు తేలని గోధుమరంగు మరకలు సహజంగానే ఉంటాయి. వాటిలో గట్టు మీది నలుపు కనిపించవచ్చు, అవి జబ్బు కాదు. రెండు పాదాల్లోనూ ఉన్నాయా, చాలాకాలంగా ఉన్నాయా, అన్నీ ఒక్కలాంటివేనా అని చూడాలి. పక్కవాటికి పోలిక లేకుండా, ఒంటరిగా, ముదురుగా, ఒకే రంగు కాకుండా రెండు మూడు ఛాయలతో ఉన్న మచ్చ మీద అనుమానం నిలపాలి. విటమిన్ బి12 లోపం మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ లోపంలో వేళ్ల కణుపులు, అరచేతులు, అరికాళ్లు నల్లబడతాయి, ఇంజెక్షన్లతో తగ్గిపోతాయి. కేపిసిటబిన్ లాంటి క్యాన్సర్ మందులు వాడేవారికి కూడా అలాంటి నలుపు వస్తుంది. ఆడవాళ్ల పాదాలకు పెట్టిన గోరింటాకు, నల్ల మెహెందీ గట్లకే అంటుకుని లెన్సు కింద మెలనోమాను అనుకరిస్తాయి. పండగ తర్వాత వచ్చిన పాదాన్ని చూసేటప్పుడు ఆ ప్రశ్న అడగడం మరిచిపోకండి.

కబడ్డీ, షటిల్ ఆడే పిల్లల మడమ మీద ఒక్కసారిగా కనిపించే నల్లచుక్కలు చాలావరకు గడ్డకట్టిన రక్తం. లెన్సులో అవి ఎరుపు కలిసిన నల్లని గులకరాళ్లలా ఉంటాయి. పైపొరను బ్లేడుతో సుతారంగా గీరితే నొప్పి లేకుండా ఊడిపోతాయి. ఈ గీరడం వైద్యుడు చేయవలసిన పని అని మళ్లీ చెబుతున్నాను. ఇంట్లో బ్లేడు పట్టుకోవద్దు.

గోటి సంగతి వేరే ఉపన్యాసానికి సరిపడా ఉంది గనుక రెండు మాటల్లో ముగిస్తాను. మన ఛాయలో గోళ్ల మీద నిలువు నల్లచారలు మామూలే. నాలుగైదు గోళ్లకు ఉంటే దాదాపు భయపడనవసరం లేదు. పెద్దవయసులో ఒక్క గోటికే చార వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతుంటే, మొదట్లో చివర కన్నా వెడల్పుగా ఉంటే, లేదా నలుపు గోరు దాటి చర్మంలోకి వస్తే వెంటనే చూపించాలి. గోటి కింద రక్తం గడ్డకట్టిందా, మెలనోమానా అన్న అనుమానం వస్తే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుని రెండు నెలల తర్వాత మరొకటి తీయండి. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. రక్తపు మచ్చ గోరుతో పాటు ముందుకు జరుగుతుంది, దాని వెనక తెల్లని గోరు వస్తుంది. జరగని మచ్చ రక్తం కాదు.

నల్లగా లేని మెలనోమా గురించి హచిన్సన్ చెప్పింది మరిచిపోకూడదు. ఎర్రటి కండలా లేచి, తాకితే రక్తం కారే బుడిపె, రంగు లేని మెలనోమా కావచ్చు. ఇక్కడ డెర్మోస్కోపు అంతగా సాయం చేయదు. అందుకని నా నియమం ఇది: పాదం మీది పుండు ఏ పేరుతో వైద్యం పొందుతున్నా, షుగర్ అదుపులో ఉండి, బరువు పడకుండా చూసుకుని, కట్లు సరిగా కట్టినా నెలన్నర, రెండు నెలల్లో మానుదల మొదలు కాకపోతే దాని అంచు నుంచి ఒక ముక్క పాథాలజిస్టుకు వెళ్లి తీరాలి.

ముక్క తీయడమంటే మనవాళ్లకు భయం. కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న మాట చదువుకున్న ఇళ్లలో కూడా వింటున్నాను. అది నిజం కాదు. పరీక్షకు ముక్క తీయడం వల్ల మెలనోమా ముదరదు. ముదిరేది తీయకుండా గడిపిన నెలల్లో. ప్రమాదకరమైనవి వేరే ఉన్నాయి. సున్నం, సోడా కలిపి అంటించడం, జీడితో కాల్చడం, పార్లర్లో కరెంటుతో మాడ్చేయించుకోవడం. వీటి వల్ల మచ్చ పైభాగం పోయి అడుగు మిగులుతుంది. చూడవలసిన ఆధారమంతా బూడిదవుతుంది. మచ్చను కాల్చే ముందు, అది ఏ వైద్యుడి గదిలోనైనా సరే, పరీక్షకు పంపుతారా అని అడిగే హక్కు రోగికి ఉంది.

ఇక్కడున్న పాథాలజీ మిత్రులకు ఒక విన్నపం. అరికాలి ముక్కను గట్లకు అడ్డంగా కోయండి. గట్ల వెంట కోస్తే ఏది చాలు కింది మడతో, ఏది గట్టు కింది మడతో స్లైడు మీద చెప్పలేం. ముక్క పంపే వైద్యుడు కూడా గట్లు ఏ దిక్కున ఉన్నాయో చీటీలో బొమ్మ గీసి పంపాలి. అతి తొలిదశలో స్లైడు మీద కనిపించే మార్పులు చాలా స్వల్పం. అలాంటప్పుడు డెర్మోస్కోపు ఫొటో కూడా పక్కన పెట్టుకుని చదివితేనే నిర్ణయం నిలుస్తుంది.

1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు మెలనోమా లోపలికి ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లలో కొలిస్తే రోగి భవిష్యత్తు చెప్పవచ్చని చూపించారు. ఇవాళ్టికీ ఆ కొలతే మాకు ఆధారం. పై పొరలోనే ఉన్న మెలనోమాను చుట్టూ అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు మంచి చర్మంతో కలిపి తీసేస్తే కథ దాదాపు అక్కడితో ముగుస్తుంది. లోతు 2 మిల్లీమీటర్లు దాటితే చుట్టూ 2 సెంటీమీటర్లు తీయాలి, గజ్జలోని బిళ్లలను పరీక్షించాలి. మడమ మీద అంత మేర తీస్తే చర్మం అతకాలి, నెలల తరబడి నేల మీద కాలు ఆనించకూడదు. కూలికి వెళితేనే పొయ్యి వెలిగే ఇంట్లో అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఆపైన ఒళ్లంతా పాకితే ఇమ్యునోథెరపీ ఉంది. అది లక్షల ఖర్చు. పైగా ఎండ వల్ల వచ్చిన మెలనోమాలకు పనిచేసినంత బాగా పాదాల మెలనోమాలకు పనిచేయడం లేదు. వీటిలో కొన్నింట కిట్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2006లో బయటపడింది. అది ఉన్న కొందరికి ఇమాటినిబ్ మాత్రలు పనిచేస్తాయి. ఆశ లేదని నేను అనను. కానీ 2 మిల్లీమీటర్ల లోతున ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ, పై పొరలో ఉన్నప్పుడు చూసి ఉంటే ఇంట్లో మిగిలేది.

అలాగని ఇంటింటికీ తిరిగి కోట్లమంది పాదాలు డెర్మోస్కోపుతో చూడాలని నేను అడగను. ఇంత అరుదైన జబ్బుకు అది అన్యాయమైన ఖర్చు, అనవసరమైన భయం. నేను అడిగేది చిన్నది. మన రాష్ట్రాల్లో పాదాలు ఇప్పటికే చూస్తున్న చోట్లు ఉన్నాయి. షుగర్ క్లినిక్‌లో స్పర్శ పరీక్ష కోసం పాదానికి నైలాన్ పోగు ఆనించి చూస్తారు. ఆ పాదం అప్పటికే బల్ల మీద ఉంది. కుష్ఠు కేసుల గుర్తింపు కోసం 2016 నుంచి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఒంటి మీది మచ్చలు అడుగుతున్నారు. ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జరుగుతున్నాయి. కొత్త పథకమేదీ వద్దు. వీళ్ల శిక్షణలో ఒక పేజీ, వీళ్ల కార్డు మీద ఒక గడి చాలు: అరికాలిలో, గోటిలో కొత్త నల్లమచ్చ ఉందా, పెరుగుతోందా, పెన్సిల్ మందం దాటిందా, మానని పుండు ఉందా. ఉంటే చర్మవైద్యుడి దగ్గరకు పంపాలి. ప్రతి జిల్లా ఆసుపత్రి చర్మ విభాగంలో ఒక డెర్మోస్కోపు ఉండాలి, దాన్ని చదవడం వచ్చిన మనిషి ఒకరు ఉండాలి. ఫోనుకు తగిలించే డెర్మోస్కోపులు కూడా వచ్చాయి, ఫొటో తీసి పెద్దాసుపత్రికి పంపించవచ్చు. కంప్యూటరే ఫొటో చూసి చెప్పే విధానాలూ వస్తున్నాయి. అవి నేర్చుకున్న ఫొటోల్లో మన ఛాయ పాదాలు చాలా తక్కువ. మన కాలేజీలు మన రోగుల అనుమతితో, వాళ్ల వివరాలు గోప్యంగా ఉంచి, మన పాదాల చిత్రాలు పోగుచేయడం ఇప్పుడే మొదలుపెట్టాలి. లేకపోతే ఆ యంత్రాలు మనకు వచ్చేసరికి మన సహజమైన మరకను క్యాన్సర్ అనీ, మన క్యాన్సర్‌ను మరక అనీ చెబుతాయి.

ఆనికాయలు తీసేవాళ్లు, పెడిక్యూర్ చేసే అమ్మాయిలు, చెప్పుల షాపుల్లో కొలతలు తీసుకునేవాళ్లు రోజుకు మా కన్నా ఎక్కువ పాదాలు చూస్తారు. వాళ్లతో వైద్యులం ఒక్కసారైనా కూర్చుని మాట్లాడామా? ఈ సభ నిర్వాహకులు వచ్చే ఏడాది ఆ సమావేశం పెడితే నేను వచ్చి పాఠం చెబుతాను.

వైద్యులు కాని శ్రోతలకు చివరిగా ఒక అభ్యర్థన. ఎవరి అరికాలు వాళ్లకు సరిగా కనిపించదు. నెలకోసారి గోళ్లు తీసుకునే రోజున, పసుపు, పారాణి కడిగేసిన పాదాలను వెలుగులో చూసుకోండి. ఒంగలేని అమ్మమ్మలవీ తాతయ్యలవీ మీరు చూడండి. కొత్తగా వచ్చి పెరుగుతున్న మచ్చ గానీ, ఒకే గోటి మీద వెడల్పవుతున్న చార గానీ, మానని పుండు గానీ కనిపిస్తే ముల్లో, దెబ్బో, షుగరో ఇంట్లోనే తేల్చుకోకండి. ఆ వారంలోనే చర్మవైద్యుడికి చూపించి, లెన్సు పెట్టి చూడమని అడగండి.